మా ఇంటి కాయితాల కోసం అంబుడ్స్‌మన్ దాకా

అమ్మ ట్రంకు పెట్టె అడుగున ఒక పసుపు గుడ్డసంచి ఉండేది. పదిహేనేళ్ళు అది ఖాళీగానే ఉంది. 2009లో ఇంటి లోను కోసం నాయన అందులోని కాయితాలు తీసుకెళ్ళి బ్యాంకులో పెట్టాడు. "లోను తీరిన రోజు మళ్ళీ ఇందులోకే వస్తాయి" అని సంచిని మడిచి అమ్మ చేతికిచ్చాడట. అమ్మ ఆ సంచిని ఇంకే పనికీ వాడలేదు. ఏటా సంక్రాంతికి పెట్టె సర్దేటప్పుడు తీసి దులిపి, మళ్ళీ అక్కడే పెట్టేది.

మాది నెల్లూరు జిల్లా కావలి. నాయన ఆర్టీసీ కండక్టరు, ఉదయగిరి రూటులో చాలా ఏళ్ళు తిరిగాడు. 2004లో 24 అంకణాల స్థలం కొన్నాడు. మా నెల్లూరు లెక్కలో అంకణమంటే 72 చదరపు అడుగులు. ఐదేళ్ళ తరవాత అమ్మా నాయనా ఇద్దరి పేర్ల మీదా లోను తీసుకొని ఇల్లు కట్టుకున్నారు. 2019లో నాయన పోయాడు. మిగిలిన ఈఎంఐలు నేనూ తమ్ముడూ కలిసి కట్టాం. 2024 జూన్ 10, సోమవారం, చివరి బాకీ మొత్తం కట్టేసి, బ్యాంకు మెట్లు దిగుతూ అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంటికొచ్చి నాయన ఫోటోకి కొత్త దండ వేసింది. ఆ సాయంత్రమే పసుపు సంచి ఉతికి దండెం మీద ఆరేసింది.

ఆ సంచిలోకి కాయితాలు రావడానికి ఇంకా ఏడు నెలలు పైగా పట్టింది. అది కూడా బ్యాంకుల మీద జనం ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ అనే వ్యవస్థ ఒకటి ఉండబట్టి. అప్పటిదాకా ఆ పేరు నేను పేపర్లో చూసి దాటేసిన మాటే. ఇంతదాకా వచ్చాక ఏం జరిగిందో వివరంగా రాయాలనిపించింది. మా ఇంట్లాంటి ఇళ్ళు మా వీధిలోనే పది ఉన్నాయి.

జూన్ 18న నిరభ్యంతర పత్రం, అదే ఎన్‌ఓసీ, ఇచ్చారు. ఒరిజినల్ దస్తావేజుల సంగతి అడిగితే కౌంటర్‌లో ఉన్న అబ్బాయి నా చేతిలోని ఎన్‌ఓసీ జిరాక్సు తీసుకొని వెనకవైపు నీలం పెన్నుతో "డాక్యుమెంట్లు పై ఆఫీసు నుంచి రావాలి, 15 రోజులు" అని రాసి, తేదీ వేసి, పొట్టి సంతకం గీకాడు. నేను మరచిపోకుండా ఉండడానికి రాసిచ్చాడు, అంతే. ఆ జిరాక్సుని మడిచి పర్సులో పెట్టుకున్నాను.

పదిహేను రోజులు అయ్యాయి. జూలైలో మూడుసార్లు వెళ్ళాను. ఒకసారి "నెల్లూరు నుంచి రావాలి" అన్నారు. ఇంకోసారి కాయితాలన్నీ ఒకే చోట భద్రపరిచే గోడౌన్ ఉందనీ, అక్కడికి ఇండెంట్, అంటే పంపమని కోరే కాయితం, పెట్టామనీ అన్నారు. ఆగస్టులో మేనేజర్ బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయన ఫైలు తిరగేసి, లోను తీసుకున్నవాళ్ళలో ఒకరు చనిపోయారు కాబట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలన్నాడు. ఆ మాట జూన్‌లోనే చెప్పి ఉంటే జూన్‌లోనే తెచ్చేవాళ్ళం కదా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది. వార్డు సచివాలయంలో అప్లికేషన్ పెట్టి, తహసీల్దార్ ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తెచ్చి, సెప్టెంబర్ 2న ఇచ్చాను. "మెయిల్ కూడా ఒకటి పెట్టండి మేడమ్" అంటే అక్కడే నిలబడి ఫోన్‌లోంచి స్కాన్ పంపాను. రసీదు అడగాలని తోచలేదు. ఆ మెయిల్ పెట్టడం ఎంత మేలు చేసిందో తరవాత తెలిసింది.

సెప్టెంబర్ అంతా "రేపు రండి" తోనే గడిచింది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. బ్యాంకుకి వెళ్ళాలంటే పర్మిషన్ పెట్టాలి, లేదంటే సగం రోజు జీతం పోతుంది. అమ్మ ఒకటే మాట. "కాయితాలు యాడికి పోతాయి పాపా, బ్యాంకులోనే గదా ఉండేది?" నాక్కూడా అదే నమ్మకం ఉండేది. తమ్ముడు పైన ఇంకో అంతస్తు వేద్దామని వేరే బ్యాంకులో లోనుకి అడిగితే, వాళ్ళ లాయరు లీగల్ ఒపీనియన్ కోసం ఒరిజినల్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (స్థలం అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (స్థలం మీద లావాదేవీలూ అప్పులూ చూపే సర్టిఫికెట్) అడిగాడు. ఈసీ తీసుకోగలిగాం. మిగతావి లేవు. అక్టోబర్ మొదట్లో ఒకరోజు బ్యాంకులో ఒక ఆవిడ, పాపం మంచావిడే, గొంతు తగ్గించి చెప్పింది. "అమ్మా, మీ కవరు దొరకట్లేదు. వెతుకుతుండారు."

ఆ మాట విన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఇల్లు ఎదురుగా ఉంది, పన్ను రసీదు ఉంది, కరెంటు బిల్లు ఉంది. అయినా ఇల్లు మాది కాదేమో అన్నంత టెన్షన్. అమ్మకి చెప్పలేదు.

రిజర్వ్ బ్యాంకుకి ఫిర్యాదు చెయ్యొచ్చని మా స్కూల్లో ఒక టీచర్ చెబితే, ఫోన్‌లోనే రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ తెరిచాను. పేరు, ఫోన్ నంబర్, ఓటీపీ అయ్యాక ఒక ప్రశ్న వచ్చింది. ఈ విషయమై ముందుగా మీ బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారా? నిజమే చెప్పాలి కాబట్టి "లేదు" నొక్కాను. ఫిర్యాదు స్వీకరించడం కుదరదని తేలిపోయింది. నాలుగు నెలలు తిరిగాను. లెక్క పెడితే పదకొండుసార్లు. ఒక్కసారి కూడా కాయితం మీద రాసివ్వలేదు. ఫోన్ పక్కన పెట్టి అలాగే కూర్చుండిపోయాను.

మా వీధి చివర రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉన్నారు. అందరం బాబాయి గారూ అంటాం. ఆయన దగ్గరికి వెళ్ళి చెబితే ముందు తిట్టారు. "నోటి మాటకి రసీదు ఉండదమ్మా. నువ్వు పదకొండుసార్లు పోయినావని నీకు తెలుసు, నాకు తెలుసు. అంబుడ్స్‌మన్‌కి ఎట్లా తెలుస్తుంది?" తరవాత కూర్చోబెట్టి గంటసేపు చెప్పారు. నాకు అర్థమైంది నా మాటల్లో రాస్తాను.

బ్యాంకు సేవల్లో లోపం జరిగితే కోర్టు మెట్లెక్కకుండా, లాయర్ లేకుండా, పైసా ఫీజు లేకుండా చెప్పుకోవడానికి రిజర్వ్ బ్యాంకు 1995లోనే బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్‌ని పెట్టింది. తరవాత ఫైనాన్సు కంపెనీలకి ఒకటి, డిజిటల్ చెల్లింపులకి ఒకటి వేరే పథకాలు వచ్చాయి. ఎవరి మీద ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో జనానికి తెలిసేది కాదు. 2021 నవంబర్ 12న మూడింటినీ కలిపి ఒకే పథకం చేశారు. ఇప్పుడు ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టినా, పోస్టులో పంపినా ముందు చండీగఢ్‌లోని కేంద్రంలో పరిశీలిస్తారు. పద్ధతి ప్రకారం ఉంటే దేశంలో ఏదో ఒక ఊళ్ళో ఉన్న అంబుడ్స్‌మన్‌కి అప్పగిస్తారు. ఆ ఊరు ఏదైనా మనం కావలి నుంచి కదలక్కర్లేదు. ఉత్తరం మన భాషలోనే రాసి పంపొచ్చు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారు.

అయితే గడప దాటాలంటే షరతులు ఉన్నాయి. ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అప్పుడు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళాలి. అదీ అప్పటి పథకం ప్రకారం ఏడాది లోపల. అదే విషయం మీద కోర్టులో కేసు నడుస్తుంటే తీసుకోరు. ఫిర్యాదు మనమే స్వయంగా పెట్టాలి, లేదా మన తరఫున పెట్టమని మనం రాసిచ్చిన మనిషి పెట్టొచ్చు. లాయర్ ద్వారా పెడితే తీసుకోరు. లోను ఎందుకివ్వలేదని అడగడానికి కూడా ఇది చోటు కాదు, అది బ్యాంకు వ్యాపార నిర్ణయం. రూలు ప్రకారం చేయాల్సింది చేయకపోతేనే అంబుడ్స్‌మన్ పని.

"మరి మా విషయంలో రూలేమన్నా ఉందా బాబాయి గారూ?" అని అడిగాను. ఆయన మొహంలో వెలుగొచ్చింది. రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబర్ 13న ఇచ్చిన ఆదేశం ఒకటుందనీ, అది ఆ ఏడాది డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిందనీ చెప్పారు. లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా ఒరిజినల్ ఆస్తి పత్రాలన్నీ తిరిగివ్వాలి. బ్యాంకు కారణంగా ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున లోను తీసుకున్నవాళ్ళకి కట్టాలి. పత్రాలు పోతే నకళ్ళు తెప్పించుకోవడానికి సాయం చెయ్యాలి, ఆ ఖర్చూ బ్యాంకే భరించాలి. లోను తీసుకున్నవాళ్ళు చనిపోతే వారసులకి ఎలా తిరిగివ్వాలో ముందే పద్ధతి రాసిపెట్టుకొని, దాన్ని తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి.

రోజుకి 5,000. నా నెల జీతం గుర్తొచ్చింది. అంతకంటే ఎక్కువగా, ఇన్నాళ్ళూ నేను కౌంటర్ ముందు ఏదో సాయం అడుగుతున్నట్టు నిలబడ్డానని అనిపించింది. నేను అడిగింది వాళ్ళు ఇచ్చి తీరాల్సినదే. ఆ ఆదేశం గురించి ఆ బ్రాంచిలో నాకు ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు.

ఆ రాత్రే ఉత్తరం రాశాను. బాబాయి గారు రెండుసార్లు కొట్టేయించారు. మొదటిసారి నేను నాలుగు పేజీలు రాశాను, అందులో రెండు పేజీలు నా బాధే. "బాధ నిజమే. కానీ ఇది చదివేవాడికి ముందు తేదీలు కావాల. బాధ చివర్లో నాలుగు లైన్లు చాలు" అన్నారు. చివరికి ఒకే పేజీ మిగిలింది. లోను ఖాతా నంబరు, ముగిసిన తేదీ, ఎన్‌ఓసీ తేదీ, సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ, ఇప్పటిదాకా పత్రాలు రాలేదన్న మాట, 2023 ఆదేశం ప్రస్తావన, మేము కోరేదేమిటి. ఇంకేం లేదు.

అక్టోబర్ 21న రెండు ప్రతులు తీసుకెళ్ళాను. ఒకటి తీసుకొని రెండోదాని మీద అందినట్టు స్టాంపు వెయ్యమంటే గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. మేనేజర్ గారు చూడాలట, ఆయన మీటింగ్‌లో ఉన్నాడట. అంతకుముందయితే "సరే రేపొస్తా" అని లేచేదాన్ని. ఆ రోజు లేవలేదు. అమ్మ కూడా వచ్చింది. ఎదురుగా ఉన్న స్టీలు బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. పన్నెండున్నరకి కూర్చుంటే మూడుంబావుకి మేనేజర్ పిలిచాడు. ఉత్తరం చదివాడు. 5,000 అన్న చోట ఆగి నా వైపు చూశాడు. స్టాంపు వేయించాడు. నీలం సిరా గుండ్రటి ముద్ర, మధ్యలో తేదీ. అది చూసి అమ్మ "అంతేనా, ఈ ముద్ర కోసమా ఇంతసేపు?" అంది. అవునమ్మా, దానికోసమే. అయినా అనుమానంతో అదే ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపాను.

ముప్పై రోజులు ఎదురుచూడడం మాత్రం కష్టమైంది. పైగా అప్పుడే అమ్మకి అసలు విషయం తెలిసిపోయింది. కవరు దొరకట్లేదన్న మాట మా తమ్ముడు ఫోన్‌లో అంటుంటే విన్నది. ఏమీ అనలేదు. ఆ పూట అన్నం తినలేదు. బ్యాంకు నుంచి మధ్యలో ఒక మెసేజీ వచ్చింది, మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది అని. ఇంకేం రాలేదు.

నవంబర్ 23, శనివారం, మళ్ళీ పోర్టల్ తెరిచాను. ఈసారి ఆ ప్రశ్నకి "అవును" నొక్కి, తేదీ వేసి, స్టాంపున్న ఉత్తరం స్కాన్ ఎక్కించాను. లోపలికి వెళ్ళింది. బ్యాంకు, బ్రాంచి, విషయం, ఎంత నష్టపరిహారం కోరుతున్నారు, ఈ విషయం కోర్టులో ఉందా, అన్నీ వరసగా అడుగుతుంది. తప్పుడు మాట పెట్టకుండా ఉంటే కష్టమేం కాదు, ఫోన్‌లో కన్నా కంప్యూటర్‌లో సులువు. నేను నెట్ సెంటర్‌లో చేశాను. మానసిక వేదన కింద లక్ష రూపాయల దాకా అడగొచ్చని అప్పటి పథకంలో ఉంది. నష్టానికి 20 లక్షల దాకా ఇప్పించే అధికారం అప్పట్లో అంబుడ్స్‌మన్‌కి ఉండేది. రోజుకి 5,000 లెక్కన పరిహారం, దాంతోపాటు ఆ లక్ష కూడా అడిగాను. చివర్లో ఒక నంబరు ఇచ్చింది. దాన్ని అమ్మ క్యాలెండర్ మీద పెద్ద అక్షరాలతో రాసుకుంది.

డిసెంబర్‌లో ఫిర్యాదు అంబుడ్స్‌మన్‌కి అప్పగించినట్టు మెసేజీ వచ్చింది. బ్యాంకుని జవాబు అడిగారు, దానికి 15 రోజుల గడువు. వాళ్ళ జవాబు నా మెయిల్‌కి వచ్చిన రోజు స్కూల్లో క్లాసులో ఉన్నాను. ఇంటర్వెల్‌లో తెరిచి చూసి చేతులు వణికాయి. "ఖాతాదారు పత్రాల కోసం సకాలంలో బ్రాంచిని సంప్రదించలేదు" అని ఉంది అందులో. వారసుల సర్టిఫికెట్ కూడా ఆలస్యంగా ఇచ్చారట. పత్రాల కోసం వెతుకుతున్నారట.

పదకొండుసార్లు వెళ్ళిన మనిషిని రాలేదని రాశారు. ఇంతకంటే బాధ పెట్టే మాట ఇంకొకటి ఉంటుందా? మేం డబ్బు ఎగ్గొట్టామన్నా ఇంత బాధ ఉండేది కాదేమో.

బాబాయి గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన కోప్పడలేదు ఈసారి. "నువ్వొచ్చినట్టు వాళ్ళ చేత్తో రాసింది ఏమన్నా ఉందా?" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది పర్సులోని జిరాక్సు. ఆరు నెలలుగా అక్కడే ఉంది. మడతల దగ్గర చినిగింది, ఒక మూల నూనె మరక. వెనకవైపు నీలం పెన్నుతో "15 రోజులు", కింద 18/6, ఆ అబ్బాయి పొట్టి సంతకం. దాన్ని బల్ల మీద సాపు చేసి, రెండు వైపులా ఫోటో తీసి పంపాను. సెప్టెంబర్ 2 నాటి మెయిల్, దానికి జవాబుగా బ్రాంచి నుంచి వచ్చిన "అందింది" అన్న ఒక్క మాట, అవీ పంపాను. ఆ అబ్బాయి మీద నాకు ఏ కోపమూ లేదు. ఆయన రాసిన ఆ ఒక్క లైను లేకపోతే మా మాటకి నిలబడే ఆధారం లేదు.

2025 జనవరి 9న ఆన్‌లైన్‌లో మీటింగ్ పెట్టారు. ఇరువైపులవాళ్ళనీ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నించడం అంబుడ్స్‌మన్ పనిలో మొదటి భాగం. కుదరకపోతే ఆయన నిర్ణయం రాసిస్తారు. దాన్ని మనం 30 రోజుల్లో ఒప్పుకుంటే బ్యాంకు పాటించాలి. నచ్చకపోతే పైన అప్పీలు చేసుకునే చోటు ఉంది. తమ్ముడు నెల్లూరు నుంచి వచ్చి ల్యాప్‌టాప్ పెట్టాడు. అమ్మ జరీ అంచు చీర కట్టుకుంది. "ఎవరో పెద్ద ఆఫీసర్లు గదా మాట్లాడేది" అని. వెనక గోడ మీద నాయన ఫోటో స్క్రీన్‌లో కనిపిస్తుంటే దాన్ని తీసేయమంటారేమో అని కూడా అడిగింది. ఉండనీ అన్నాను.

అంబుడ్స్‌మన్ ఆఫీసు తరఫున మాట్లాడినావిడ గొంతు పెంచలేదు, మమ్మల్ని జాలిగానూ చూడలేదు. అవతలివైపు ఒక నోడల్ ఆఫీసర్, అంటే ఇలాంటి ఫిర్యాదుల్లో బ్యాంకు తరఫున జవాబిచ్చే అధికారి, ఉన్నాడు. ఆయన చాలాసేపు బ్రాంచీల సర్దుబాటు గురించీ, గోడౌన్ మారిన సంగతీ చెప్పుకొచ్చాడు. ఆవిడ అంతా విని రెండే ప్రశ్నలు వేసింది. లోను ఏ తేదీన తీరింది? పత్రాలు ఏ తేదీన ఇచ్చారు? రెండోదానికి ఆయన దగ్గర జవాబు లేదు.

నేను అప్పటిదాకా అంబుడ్స్‌మన్ అంటే మన తరఫున పోట్లాడేవాళ్ళు అనుకున్నాను. కాదు. మన పక్షమూ కాదు, వాళ్ళ పక్షమూ కాదు. ఆ మాట స్వీడన్ దేశం నుంచి వచ్చిందట, ప్రతినిధి అని అర్థమట. 1809లో అక్కడి పార్లమెంటు మొదటిసారి ప్రభుత్వాధికారుల మీద జనం చెప్పుకునే ఫిర్యాదులు వినడానికి ఒక పదవిని పెట్టింది. ఆ రోజు స్క్రీన్ మీద నేను చూసింది అదే. కౌంటర్ ముందు నా మాటకీ కౌంటర్ వెనక మాటకీ ఒకే తూకం రాయి వేసే మనిషి ఒకరు మధ్యలో కూర్చున్నారు. ఏడు నెలల్లో మొదటిసారి బ్యాంకు నాకు సంజాయిషీ చెప్పుకుంది.

నాకు అనుకూలంగా అన్నీ జరగలేదు, అది కూడా చెప్పాలి. సర్టిఫికెట్ సంగతి ఆవిడ నన్ను గట్టిగానే అడిగారు. వారసుల పత్రం చేతికందకుండా కాయితాలు ఇవ్వడం బ్యాంకుకి కుదరదు కదా, సెప్టెంబర్ 2కి ముందు రోజులకి బ్యాంకుని ఎలా బాధ్యుల్ని చేస్తాం అన్నారు. జూన్‌లోనే అడగకపోవడం వాళ్ళ తప్పు కాదా అని నేనన్నాను. బ్యాంకు తన పద్ధతి వెబ్‌సైట్‌లో పెట్టిందని నోడల్ ఆఫీసర్ అన్నాడు. మేం ఎన్నడూ ఆ వెబ్‌సైట్ చూసినవాళ్ళం కాదు. ఇప్పటికీ నా మనసు ఆ విషయంలో ఒప్పుకోదు. కౌంటర్‌లో అడిగిన మనిషికి కౌంటర్‌లోనే చెప్పాలి.

బ్యాంకు మొదట 25,000 ఇస్తామంది, మళ్ళీ వెతకడానికి 30 రోజులు అడిగింది. రిజర్వ్ బ్యాంకు ఆదేశంలో రోజుకి ఎంత ఉందో ఆవిడ చదివి వినిపించి, పదిహేను రోజుల్లో కాయితాలు రావాలని చెప్పింది.

కాయితాలు జనవరి 24న దొరికాయి. ఇంకో బ్రాంచి కవర్ల మధ్య, పాత ఖాతా నంబరుతో ఉన్నాయట. అంటే ఎక్కడికీ పోలేదు. అమ్మ మొదటి రోజు అన్నదే నిజం. ఇండెంట్ పెట్టినప్పుడల్లా కొత్త నంబరుతో వెతికి లేదన్నారు, పాత నంబరుతో ఒక్కసారి చూడలేదు. గట్టిగా అడిగేవాళ్ళు వచ్చాక రెండు వారాల్లో దొరికాయి.

జనవరి 30, గురువారం, అమ్మనీ నన్నూ తమ్ముణ్ణీ మేనేజర్ గదిలో కూర్చోబెట్టి కవరు ముందు పెట్టారు. సంతకం పెట్టే ముందు ఒక్కో కాయితం లెక్క చూసుకోమని బాబాయి గారు పదేపదే చెప్పి పంపారు. కొనుగోలు దస్తావేజు, రెండు లింకు డాక్యుమెంట్లు, ప్లాను, పాత ఈసీ. 2009లో బ్యాంకు ఇచ్చిన జాబితా జిరాక్సు పక్కన పెట్టుకొని ఒక్కొక్కటీ టిక్కు పెట్టాను. అన్నీ ఉన్నాయి.

దస్తావేజు వెనక పేజీలో నాయన ఫోటో ఉంది. 2004 నాటిది, జుట్టు నల్లగా, మీసం గుబురుగా. పక్కన ఊదారంగు వేలిముద్ర. బొటనవేలి మీద అడ్డంగా ఒక సన్నని తెల్ల గీత. చిన్నప్పుడు కొడవలి తెగిన మచ్చ అది, ముద్రలో కూడా పడింది. ఆ మచ్చ మీద మేమిద్దరం చిన్నప్పుడు ఎన్నిసార్లు వేలు పెట్టి ఆడుకున్నామో. కింద సంతకం, చివరి అక్షరం తోక కిందికి లాగి. టిక్కెట్ల లెక్క రాసే వే బిల్లుల మీద కూడా అలాగే లాగేవాడు. అమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. గదిలో కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు. మేనేజర్ కూడా.

పరిహారం లెక్క ఇలా తేలింది. సెప్టెంబర్ 2 నుంచి 30 రోజులు తీసేసి, అక్టోబర్ 3 నుంచి జనవరి 29 దాకా 119 రోజులు. రోజుకి 5,000 చొప్పున 5,95,000 రూపాయలు. వేదన కింద అడిగిన లక్ష రాలేదు. రాజీపత్రం మీద సంతకం పెట్టాలా, పట్టుబట్టి నిర్ణయం కోరాలా అని నేను రెండు రోజులు ఆలోచించాను. జూన్ నుంచి లెక్కేస్తే 203 రోజులవుతుంది, పది లక్షలు దాటుతుంది. అమ్మ ఒప్పుకోలేదు. "మీ నాయన కాయితాలు వచ్చినాయి. ఇంక చాల్లే పాపా" అంది. సంతకం పెట్టాం. ఫిబ్రవరిలో డబ్బు అమ్మ ఖాతాలో పడింది.

ఆ తరవాత మా వీధిలో నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. ట్రంకు రోడ్డులో టీ కొట్టు నడిపే అన్న ఒకరికి ఏటీఎంలో డబ్బు తీయబోతే ఖాతాలోంచి 10,000 పోయింది, నోట్లు రాలేదు. అలాంటప్పుడు ఐదు రోజుల్లో డబ్బు దానంతట అదే తిరిగి పడాలి, దాటితే రోజుకి 100 రూపాయలు కలిపి ఇవ్వాలి. 2019 నుంచి ఉన్న రూలు ఇది. ఆయనకి ఉత్తరం రాసిపెడితే బ్యాంకులోనే పనైపోయింది, అంబుడ్స్‌మన్ దాకా పోనేలేదు. ఇంకొకాయన వినియోగదారుల కోర్టులో కేసు వేసి, ఇక్కడ కూడా పెడతానన్నాడు. అది కుదరదని చెప్పి వెనక్కి పంపాను. వచ్చిన ప్రతివాళ్ళనీ నేను ముందు అడిగేది ఒకటే. కాయితం మీద ఇచ్చారా? ముద్ర వేయించుకున్నారా? చాలామంది తల దించుకుంటారు. ఆ తల దించుకోవడం చూసినప్పుడల్లా అక్టోబర్‌లో నేను ఫోన్ పక్కన పెట్టి కూర్చున్న సాయంత్రం గుర్తొస్తుంది, కుర్చీ వేసి కూర్చోబెట్టి తెల్ల కాయితం తీస్తాను.

కాయితాలు తెచ్చిన రోజు సాయంత్రం అమ్మ వాటిని వెంటనే సంచిలో పెట్టలేదు. దీపం పెట్టాక దస్తావేజు నా చేతికిచ్చి హద్దులు చదవమంది. తూర్పు ఫలానా వారి ఖాళీ స్థలం, పడమర వీధి, ఉత్తరం కాలువ, దక్షిణం ఇంకొకరి ఇల్లు. నేను ఒక్కోటి చదువుతుంటే ఆవిడ చేత్తో అటు చూపిస్తూ వచ్చింది. "తూర్పున అప్పుడు వేపచెట్టు కూడా ఉండేది. అది రాయలేదే" అంది. రాయలేదమ్మా అన్నాను. కాయితాలు తీసుకొని, అంచులు కలిపి, పసుపు సంచిలో పెట్టి మూతి ముడేసింది.